ముక్కనుమ పులుసు

కనుమనాడు కాకైనా కదలదని మనవాళ్ళ సామెత. ఆ రోజున ప్రయాణం పెట్టుకోకూడదని పెద్దల నియమం. సరిగ్గా ఆ రోజునే తెల్లవారుజామున నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ సంచులు మోసుకుంటూ రాజమహేంద్రవరం స్టేషనులో గౌతమీ ఎక్స్‌ప్రెస్ దిగాము. ఇందులో మా ధిక్కారమేమీ లేదు లెండి. భోగికి ముందు రోజులకు టిక్కెట్లు దొరకలేదు. సంక్రాంతి రాత్రికి మాత్రం కావలసినన్ని దొరికాయి. కదిలేవాళ్ళంతా అప్పటికే కదిలిపోయారు కాబోలు.

మేము వెళ్ళవలసింది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా పెద్దమ్మగారి ఊరు. మా అమ్మకు స్వయానా అక్కగారు ఆవిడ. ఈ పండుగ ప్రయాణానికి ఒక కారణం పులుసు. రెండో కారణం అంత రుచికరమైనది కాదు. క్రిందటి వర్షాకాలంలో పెద్దమ్మ పెరట్లో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పారుగాని చేతికి మునుపటి పట్టు రాలేదు. పెద్దనాన్న పోయిన తరువాత ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. తనతో వచ్చెయ్యమని ఆర్నెల్లుగా బతిమాలుతున్నాడు. ఆవిడ "చూద్దాం లేరా" అంటున్నది. ఆ మాటకు "రాను" అని అర్థమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"నువ్వు చెబితే వింటుందిరా. ఈ పండక్కి వచ్చి ఎలాగైనా ఒప్పించు," అని అన్నయ్య ఫోనులో ఆజ్ఞాపించాడు. అంచేత నేను పులుసు తినడానికి వెళుతున్నానో, ఆ పులుసు పొయ్యిని ఆర్పించడానికి వెళుతున్నానో నాకే తెలియని స్థితిలో బస్సెక్కాను.

వేమగిరి దాటి జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన ఎక్కేసరికి పొగమంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డు రావులపాలెం. కోనసీమకు వాకిలి అని దానికి పేరు. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వసిష్ఠ, మూడో ప్రక్క బంగాళాఖాతం. ఈ మూడింటి నడుమ పచ్చటి గొడుగు విప్పినట్టుండే నేల ఇది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం ముఖ్యపట్టణంగా ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కాకముందూ, అయిన తరువాతా ఇక్కడ మనిషి తల ఎత్తితే కొబ్బరాకు, తల దించితే కాలువనీరు. కొత్తపేట దాటేసరికి మా చిన్నవాడు అడగనే అడిగాడు: "ఇక్కడ కొబ్బరిచెట్లు కాక ఇంకేమైనా ఉన్నాయా నాన్నా?" అని. "కోళ్ళున్నాయిరా," అన్నాను.

గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది.

"కాకైనా కదలని రోజున కదిలి వచ్చావట్రా! కాళ్ళు కడుక్కోండి. గారెలు చల్లారిపోతున్నాయి."

అక్షింతలూ ఆహ్వానమూ ఒక్క ఊపిరిలో అయిపోయాయి. కనుమనాడు మినుము తినాలి గనక ఆనాడు మినప గారెలు తప్పవు. పశువుల కొట్టం ఖాళీ అయి చాలా ఏళ్ళయింది. అయినా పెద్దమ్మ పసుపూ కుంకుమా పట్టుకుపోయి పక్కింటివారి ఆవుకు పెట్టి వచ్చింది. మాంసం సంగతి మాత్రం ఆనాడు ఎత్తకూడదు. కొన్ని ఇళ్ళలో కనుమనాడే కోడి కోస్తారు. పెద్దమ్మగారింట్లో ప్రభల తీర్థం అయిన మర్నాడు, అంటే ముక్కనుమనాడే. ముక్క తినే కనుమ గనక ముక్కనుమ అయిందని పెద్దనాన్నగారు వ్యుత్పత్తి చెప్పేవారు. పండితులు ఒప్పుకోరుగాని, తినేవాళ్ళెవరూ కాదనలేదు.

మధ్యాహ్నం పిల్లలను తీసుకుని జగ్గన్నతోట వెళ్ళాము. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ఏడాదికొకసారి ఆ కొబ్బరితోటలో సమావేశమవుతారని నమ్మకం. రంగురంగుల గుడ్డలతో అలంకరించిన పెద్దపెద్ద ప్రభలను ఊరి మగవాళ్ళు భుజాల మీద మోసుకువస్తారు. రోడ్డు లేని చోట చేల గట్ల మీదుగా వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి దాటుతుంటే గట్టు మీది జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగింది ఈ ప్రభల తీర్థమే. మా చిన్నవాడికి మాత్రం జీళ్ళూ, బూరా దొరికాయి గనక అది గొప్ప తీర్థం.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చి పడింది. మా బావగారు, అనగా ఆ ఇంటి అల్లుడుగారు, ఎక్కడో బరి దగ్గర ఆగి, పందెంలో ఓడిన పుంజును కొని తెచ్చారు. పందెపు పుంజులకు బాదంపప్పూ జీడిపప్పూ పెట్టి పెంచుతారనీ, దాని రుచే వేరనీ ఉపన్యాసం మొదలుపెట్టారు. కోడిపందాలను చట్టం ఒప్పదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమూ ఉంది, 1974 నాటి జూద నిరోధక చట్టమూ ఉంది. సంక్రాంతి మూడురోజులూ ఆ చట్టాలు కూడా కనుమనాటి కాకిలాగే కదలకుండా కూర్చుంటాయి. పెద్దమ్మ చట్టం వేరు. జూదపు కోడి ఆవిడ పొయ్యి ఎక్కదు. కాని తెచ్చినవాడు అల్లుడాయె!

"అల్లుడుగారు తెచ్చారు, అంతకంటేనా," అని చేటకప్పి అందుకుంది. అది దొడ్డిదారిన ఎవరింటికో వెళ్ళిపోయింది. మర్నాడు బావగారు తిన్నది పెరటి కోడి. "చూశారా, పందెం కోడి రుచే రుచి!" అని ఆయన లొట్టలు వేస్తుంటే పెద్దమ్మ తలవంచుకుని ఇంకో గరిటె వడ్డించింది.

ముక్కనుమనాడు తెల్లవారకుండానే పెరట్లో పొగ లేచింది. నేను ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆవిడ ప్రక్కన పీట వేసుకున్నాను. ఈసారి పులుసు సంగతి అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలని నా సంకల్పం. మనిషి హైదరాబాదు వచ్చేస్తే దాక ఎవరు దించుతారు మరి?

రెండు నాటుకోళ్ళు. ఈకలు తీసిన తరువాత ఎండు కొబ్బరాకు మంట మీద అటూ ఇటూ తిప్పి కాల్చాలి. దానితో సన్నని నూగు పోతుంది, చర్మానికి ఒక కమ్మని కాలిన వాసన పడుతుంది. తరువాత పసుపు రాసి బాగా రుద్ది కడగాలి. అన్నయ్య కత్తిపీట ముందు కూర్చున్నాడు. హైదరాబాదులో పదిమంది మీద అధికారం చేసే మనిషి ఇక్కడ తల్లి చెప్పినట్టు ముక్క కోస్తున్నాడు.

"కీలు దగ్గర కొయ్యరా. ఎముక మీద కొట్టకు, పెంకులు వస్తాయి. కోడికి ఇరవైనాలుగు. తక్కువ రాకూడదు."

ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి మూతపెట్టింది. ఈలోగా దినుసులు. ధనియాలు, గసగసాలు, నాలుగు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క దోరగా వేయించి, పచ్చికొబ్బరితో కలిపి నూరాలి. మా ఆవిడ మొహమాటంగా మిక్సీ వంక చూసింది.

"మిక్సీలోనే వెయ్యమ్మా. మసాలాకి ఏ రాయి అయితేనేం? గారెల పిండికి మాత్రం వద్దు. వేడెక్కిపోయి గారె గట్టిపడుతుంది. దానికి ఆ గ్రైండరుంది."

పాతకాలపు మనిషి గనక రుబ్బురోలు కోసం పట్టుబడుతుందనుకున్నాను. ఆవిడకు రుచి మీద పట్టుదలేగాని రాయి మీద లేదు.

మట్టి దాకలో నూనె కాగాక సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి ఎర్రబడేదాకా వేయించింది. కరివేపాకు, పచ్చిమిర్చి, తరువాత ముక్కలు. ముక్కలోని నీరు ఇంకి, నూనె పైకి తేలేవరకు వేగాలి. అక్కడ తొందరపడితే నీచువాసన పోదు. ఆ తరువాతనే నీళ్ళు. అదీ మరిగే నీళ్ళు. చన్నీళ్ళు పోస్తే ఉడుకుతున్న ముక్క బిగుసుకుపోతుందని ఆవిడ హెచ్చరిక. నాటుకోడి మొండిఘటం. బజారు కోడిలాగ పావుగంటలో లొంగదు. మొదట కొబ్బరిమట్టలు పెట్టి మంట చేసి, ఉడుకు పట్టాక మట్టలు లాగేసి కొబ్బరిడొక్కలు పెట్టింది. మట్ట భగ్గున మండుతుంది, డొక్క నిదానంగా రగులుతుంది. గంటన్నర గడిచాక కాలి ఎముక చివర మాంసం కాస్త వెనక్కు జరిగింది. "ఇప్పుడు వెయ్యి కొబ్బరిముద్ద," అంది.

ఇంతలో అక్కయ్య కొడుకు వరసయ్యే కుర్రాడొకడు వేటమాంసం వాటా తెచ్చాడు. ఊళ్ళో పదిమంది కలిసి ఒక మేకపోతును కొని కోయించుకోవడం అక్కడి పద్ధతి. అరిటాకుల మీద వాటాలు వేస్తారు. ప్రతి వాటాలోనూ మెత్తని ముక్కా ఉండాలి, ఎముకా ఉండాలి, కార్జమూ కాస్త పడాలి. తలా ఒక గుర్తు, ఒకరిది పుల్ల, ఒకరిది ఆకు, ఇస్తే, ఏమీ ఎరగని పసివాడి చేత వాటాకొకటి పెట్టిస్తారు. ఎవరి గుర్తు ఉన్నది వారిది. ఇక మాట్లాడడానికి లేదు. పొలాల పంపకాలలో తగవులు పడిన అన్నదమ్ములు కూడా ఈ పంపకంలో నోరెత్తడం నేను చూడలేదు.

ఆ వాటాతో గోంగూర మాంసం. మాంసం ఉప్పూ పసుపూ వేసి పూర్తిగా ఉడికాకనే, విడిగా మగ్గబెట్టిన గోంగూర కలపాలి. ముందే కలిపితే ఆ పులుపుకు ముక్క ఉడకదు. ఈ కూర బాధ్యత వదినకు అప్పగించింది పెద్దమ్మ. వదిన చేస్తున్నంతసేపూ అటు చూడనట్టు నటిస్తూ, వాసనతోనే కనిపెడుతూ కూర్చుంది.

నా నోటుపుస్తకం మాత్రం ముందుకు సాగలేదు. "కారం ఎంత?" అని అడిగితే "మనుషులను బట్టి" అంటుంది. "నీళ్ళెన్ని?" అంటే "ఆకులను బట్టి" అంటుంది.

"ఆకులేమిటి పెద్దమ్మా?"

అప్పుడు చెప్పింది లెక్క. మా చిన్నప్పుడు ముక్కనుమనాడు ఆ వసారాలో 22 అరిటాకులు వేసేవారు. కోళ్ళు రెండే. కోడికి 24 చొప్పున 48 ముక్కలు. తలా రెండేసి 44. మిగిలిన నాలుగులో రెండు పక్కింటి ముసలమ్మకు, రెండు దింపు తీసే మనిషికి.

"రెండు ముక్కలతో ఎవరికి కడుపు నిండుతుందిరా? అందుకే పులుసు. కొబ్బరి నూరి పోస్తే పులుసు చిక్కబడుతుంది, నలుగురికీ వస్తుంది. ఆ పులుసులో నాలుగు గారెలు నానేస్తే ముక్క లేదన్న బెంగ ఉండదు. వేపుడు ఉన్నవాళ్ళ వంట. పులుసు పదిమందిదీను."

నాటుకోడి పులుసూ గారెల జోడీ గురించి హోటళ్ళవారు ఎన్ని విధాలుగా పొగుడుతారో నేను విన్నాను. అది రుచి కోసం కుదిరిన జోడీ అనే ఇన్నాళ్ళూ నమ్మాను. రెండు కోళ్ళను ఇరవైరెండు మందికి సరిపెట్టవలసిన ఒక ఇల్లాలు వేసిన లెక్క కూడా అందులో ఉందని నాకు తోచలేదు.

దింపు తీసే మనిషికి గిన్నె ఇప్పటికీ వెళుతుంది. ఆ రోజుల్లో ఆయన మా పెరట్లో దూరంగా కూర్చుని తిని వెళ్ళేవాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గు వేస్తుంది. ఇవాళ గిన్నె వాళ్ళింటికి వెళుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రాదు. ఈసారి రొయ్యల ఇగురుతో వచ్చింది. నిజం చెప్పాలంటే, పిల్లలు దానిమీదే ముందు పడ్డారు.

పుస్తకంలో లెక్క రాసుకుంటూ నేను ఆగాను. 22 ఆకులలో ఎవరెవరు కూర్చునేవారో పేర్లు వేసుకుంటూ వచ్చాను. తాతగారు, నాయనమ్మగారు, పెద్దనాన్న, ఆయన తమ్ముళ్ళు, పిల్లలు, వచ్చిన చుట్టాలు. ఇరవైరెండూ నిండిపోయాయి.

"పెద్దమ్మా, ఇందులో నీ ఆకు ఏదీ?"

"వడ్డించేవాళ్ళకి లెక్కేమిట్రా? మెడలు ఉండేవిగా."

మెడను 24 ముక్కలలో కలపరన్నమాట! పెద్దమ్మకు మెడ అంటే ప్రాణమని మేమంతా అనుకునేవాళ్ళం. చిన్నప్పుడు ఒకసారి నేను మెడ కావాలని ఏడిస్తే, "అది మీ పెద్దమ్మకి ఇష్టంరా, తీసుకోకూడదు," అని మా అమ్మ మందలించింది కూడాను.

"నీకు మెడ ఇష్టం కాదా మరి?"

"ఎవరు చెప్పారు నీకు? మిగిలేది అదే," అంది, డొక్క ఎగదోస్తూ.

మధ్యాహ్నం దాక దించవలసి వచ్చింది. పెద్దమ్మ అలవాటుగా రెండు చేతులూ చాపింది. ఎడమ చెయ్యి వణికింది. ఆవిడ చెయ్యి వెనక్కు తీసుకుని, మణికట్టు వంక ఒక్క క్షణం చూసుకుంది. అన్నయ్యా నేనూ చెరొక ప్రక్కా పట్టి దించాము. ఎవరమూ ఏమీ అనలేదు. నేను హైదరాబాదు నుంచి కట్టుకొచ్చిన ఉపన్యాసం కంటే ఆ దాక బరువే ఆవిడకు ఎక్కువ చెప్పింది.

"ఎన్ని ఆకులు వెయ్యమంటారు అత్తయ్యగారూ?" అని అడిగింది మా ఆవిడ.

"పది," అంది పెద్దమ్మ.

"పదకొండు," అంది మా ఆవిడ. వదిన అప్పటికే పదకొండో ఆకు వేసేసింది. అక్కయ్య వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి ఆ ఆకు ముందు కూర్చోబెట్టింది. ముక్కనుమనాడు ఆ వసారాలో పెద్దమ్మ మాతో కలిసి కూర్చోవడం అదే మొదటిసారి. గరిటె లేని చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

వదిన పెద్ద కాలు ముక్క ఏరి ఆవిడ ఆకులో వేసింది. ఆ ముక్క ఎప్పుడూ అల్లుడుగారిది. బావగారు పెద్దమనసుతో, "వెయ్యండి, వెయ్యండి," అన్నారు. పిల్లలతో సహా అందరం ఆవిడ వంక చూస్తూ కూర్చున్నాము. నాకు కాస్త గొంతు పట్టినట్టయింది కూడాను.

పెద్దమ్మ ఒక కొస కొరికింది. నమిలింది. ఇంకా నమిలింది.

"పీచు పీచుగా ఉందేమిట్రా! ఇన్నాళ్ళూ దీనికోసమా మీరంతా కొట్టుకున్నది? ఆ మెడ ఇలా వెయ్యమ్మా," అంది.

వసారా అంతా నవ్వులే. ఏళ్ళ తరబడి మిగిలినది తిని తిని నిజంగానే మెడ అలవాటైందో, లేక మెడే మంచి ముక్కో నేను చెప్పలేను. మెడ నాకూ ఒకటి పెట్టమంటే పెద్దమ్మ పెట్టలేదు. అయితే అది చేతికి వచ్చిన దారి ఈసారి వేరు. కాలు వద్దనుకుని, అడిగి వేయించుకుంది.

ఇరవైరెండు మందికి సరిపోయే పులుసు పదకొండు మందికి చేసింది గనక దాక సగం మిగిలింది. "చెయ్యి అలా పడిపోయింది," అని నొచ్చుకుంది. రాత్రికి మళ్ళీ గారెలు వేశారు. నిలవ పులుసులో నానిన గారె పొద్దుటి గారెను మించిపోయింది.

మర్నాడు మా ప్రయాణం. వీధి అరుగు మీద కూర్చుని అన్నయ్య నా వంక చూశాడు, మొదలుపెట్టమన్నట్టు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏమిట్రా, హైదరాబాదు సంగతేనా?" అంది పెద్దమ్మ. "శివరాత్రి వెళ్ళాక వస్తాను. చెయ్యి ఇలా ఉండగా ఇక్కడుండి మీ అందరినీ కంగారు పెట్టడమెందుకు? కాని ఒకటి. ఇల్లు అమ్మకూడదు. ధనుర్మాసం పెట్టగానే నన్ను ఇక్కడ దింపాలి. పులుసు మీరు చెయ్యండి, నేను కూర్చుని తింటాను."

అన్నయ్య తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఎంత గట్టితనం ఉందో వచ్చే సంక్రాంతి చెప్పాలి.

దాకను హైదరాబాదు తీసుకువెళదామని వదిన అడిగితే పెద్దమ్మ ఒప్పుకోలేదు. శుభ్రంగా తోమి, ఎండబెట్టి, పొయ్యి గట్టు మీద బోర్లించింది. నా నోటుపుస్తకంలో చివరికి మిగిలినది కొలతలు కావు, 22 పేర్ల జాబితా. దాని క్రింద ఇరవైమూడో పేరు నేను రాశాను.

ఆటో కదులుతుంటే వెనుకనుంచి కేక వినిపించింది.

"ఒరేయ్! వచ్చే ఏడు ఎంతమంది వస్తారో ముందుగా చెప్పండి. కోళ్ళ లెక్క చూసుకోవాలి!"